చూసి, కొలిచి, రాసుకున్న చదువు

బొర్రా గుహలకు వెళ్ళినవాళ్ళందరి చెవినా ఒక మాట పడుతుంది. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ అనే దొర ఈ గుహలను కనిపెట్టాడని. గైడు చెప్పేది అదే, పర్యాటక కరపత్రాల్లో ఉండేదీ అదే. ఈ పుస్తకంలోని పాప తొమ్మిదో ఏట ఆ మాట విని, ఇంటికొచ్చి, ఆ జియలాజికల్ సర్వే ఎప్పుడు పుట్టిందో వెతికింది. 1851 అని తేలింది. "ఇంకా పుట్టని ఆఫీసులో ఆయన నలభై నాలుగేళ్ళ ముందే ఉద్యోగం ఎలా చేశాడమ్మా?" అని తల్లిని అడిగింది. తల్లికి తెలియలేదు. నాకు ఫోను చేశారు. నాకూ తెలియలేదు. పాప తన నోటుబుక్కులో ఇలా రాసి పెట్టుకుంది: "సంవత్సరమైనా తప్పు కావాలి, ఆఫీసైనా తప్పు కావాలి. రెండూ ఒప్పు కావు. ఏదైనా గానీ, ఆవుల కాపరి అంతకు ముందే చూశాడు." ఆ ఆఖరి మాట స్థలపురాణంలోది. మేతకొచ్చిన ఆవు గుహ పైనున్న కంతలోంచి లోపల పడిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందనీ అక్కడి జనం చెప్పుకుంటారు.

ఆ మూడు వాక్యాలు చదివాకే ఈ ముందుమాట రాయడానికి ఒప్పుకున్నాను. ఉద్యోగమంతా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడంలోనే గడిపినవాణ్ణి. పాత బ్యాచ్ రికార్డులు తెచ్చుకుని రీడింగులు ఎక్కించుకునేవాళ్ళు, గ్రాఫు గీత తిన్నగా రావాలని చుక్కల్నే పక్కకు జరిపేవాళ్ళు, ఫస్టు క్లాసులో పాసయ్యేవాళ్ళు, వీళ్ళంతా ఒకే మనుషులు. వాళ్ళను తప్పుపట్టను, మార్కులు అలా వేశాం కాబట్టే అలా రాశారు. అయితే అచ్చులో ఉన్న మాటకు, తన లెక్కకు పొసగనప్పుడు రెంటినీ పక్కపక్కన రాసి పెట్టుకునే పిల్లను చూడటం నాకు కొత్త.

ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది. పెళ్ళయ్యాక భర్త కాఫీ తోటల పనిమీద అరకు దగ్గరి ఒక పల్లెకు మకాం మార్చాడు, ఈవిడా వెళ్ళింది. పాపకు ఐదు నిండేసరికి ఇంటా బయటా ఒకటే పోరు. విశాఖలో అమ్మమ్మ దగ్గర ఉంచండి, మంచి స్కూల్లో వేయండి, కొండమీద ఏం చదువు వస్తుంది అని. నేనూ దాదాపు అదే అన్నాను. ఆవిడ వినలేదు. ఏటా జూన్‌లో మళ్ళీ ఆలోచిద్దాం అంటూ ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. అప్పటినుంచి తల్లీకూతుళ్ళు రాసుకున్న నోటుబుక్కులే ఈ పుస్తకానికి ముడిసరుకు. ఇందులో పాఠాల్లేవు, ప్రణాళిక లేదు, 'పిల్లల్ని ఇలా పెంచండి' అన్న ఉపదేశమూ లేదు. ఏ రోజు ఏం చూశారు, దేనితో కొలిచారు, ఏది తేలింది, ఏది తేలలేదు, అంతే. తేలనివి చాలానే ఉన్నాయి. అవే నాకు ఎక్కువ నచ్చాయి.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పాప చేతిలో చిప్స్ ప్యాకెట్టు ఉంది. కింద మామూలుగా ఉన్నది అనంతగిరి దాటేసరికి దిండులా ఉబ్బింది. తెరవకుండా ఇంటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ విశాఖ వెళ్ళినప్పుడు వెంట తెచ్చి చూశారు. కిందికి దిగేసరికి వాలిపోయింది. అక్కడే గాలి ఒత్తిడి గురించి నాలుగు ముక్కలు చెప్పేసి ఊరుకోవచ్చు. మనమంతా చేసేది అదే. ఈవిడ చెప్పలేదు. పాపను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మమ్మగారింట్లో నీళ్ళు మరిగేటప్పుడు థర్మామీటరు 100 చూపించింది. అరకులో అదే గిన్నె, అదే థర్మామీటరు. నీళ్ళు తెర్లుతున్నాయి, గీత 97 దగ్గర ఆగిపోయింది. మంట పెంచారు. నీళ్ళు ఇంకా గట్టిగా తెర్లాయి తప్ప గీత కదల్లేదు. థర్మామీటరు పాడైందని ఇంకోటి తెప్పించి చూస్తే అదీ 97 దగ్గరే నిలబడింది. అప్పుడు పాపే అడిగిందట, "ఇక్కడ పైన గాలి తక్కువ నొక్కుతోందా అమ్మా?" అని. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. మూడు వందల మీటర్లు ఎక్కితే నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ దిగుతుంది. కుక్కరు లేకుండా కందిపప్పు పెడితే కొండమీద ఎందుకు ఆలస్యమవుతుందో ఆ ఇంట్లో ఇక వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత సిమిలిగూడ స్టేషన్‌లో నీళ్ళు కాచి చూద్దామని పాప పేచీ పెట్టిందట. కొత్తవలస–కిరండోల్ లైనులో అది అన్నిటికంటే ఎత్తయిన స్టేషను, 996 మీటర్లు. ప్లాట్‌ఫారం మీద పొయ్యి పెడితే రైల్వేవాళ్ళు ఊరుకోరని తల్లి ఆపింది. ఆపకపోయినా ఫలితం తేలేది కాదు. ఆ కాస్త ఎత్తుకు మారేది పావు డిగ్రీకి అటూఇటూ. వాళ్ళ థర్మామీటరుకు అది కనబడదు. పాపకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. తనే లెక్క వేసుకుంటుందని చూస్తున్నాను.

వానను కొలవడం మీద ఈ పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఉంది. సాధనం ఏమిటంటే రెండు లీటర్ల కూల్‌డ్రింకు బాటిలు. మెడ కిందుగా కోసి, కోసిన ముక్కను తలకిందులుగా గరాటులా దించుతారు. బాటిలు అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, గోడలు తిన్నగా మొదలయ్యేదాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత పెడతారు. ఆ గీత పైకి స్కేలు అంటిస్తారు. మొదటి ఏడాది సున్నా గీత సంగతి వాళ్ళకు తట్టలేదు, ఆ లెక్కలన్నీ కొట్టేశారు. కొట్టేసిన పేజీని కూడా అచ్చు వేయించారు, అది నా సలహా కాదు, పాప పట్టుదల. బాటిలు చెట్టుకింద పెట్టిన రోజు, డాబామీద పెట్టిన రోజు, పెరట్లో ఆరుబయట పెట్టిన రోజు లెక్కలు ఎందుకు కలవలేదో తెలుసుకోవడానికి వాళ్ళకు ఒక వర్షాకాలం పట్టింది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలమీద ఒక లీటరు నీళ్ళు. ఈ ముక్క అర్థమయ్యాక పాప తమ రేకుల కప్పు పొడవూ వెడల్పూ కొలిచి, నిన్న రాత్రి చూరునుంచి ఎన్ని బిందెల నీళ్ళు కారిపోయాయో లెక్క కట్టి వాళ్ళ నాన్నకు చూపించింది. మరుసటి వారం చూరుకింద డ్రమ్ము వచ్చింది.

ఆ కప్పుమీద పడిన వాన గెడ్డలోకి వెళ్తుంది. ఆ గెడ్డ ఎక్కడికి వెళ్తుందన్నది తర్వాతి ప్రశ్న. బొర్రా గుహల గుండా సాగే గోస్తనిని పట్టుకుని వీళ్ళు తాటిపూడి రిజర్వాయరు చూసి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటుదాకా ఒక సెలవుల్లో వెళ్ళొచ్చారు. ఆ ప్రయాణాన్ని ఈవిడ ఇంకొంచెం విపులంగా రాయాల్సింది.

గుహల పేజీలు మాత్రం తృప్తిగా ఉన్నాయి. కోడిగుడ్డు పెంకు వెనిగర్‌లో వేసి బుడగలు చూడటం అందరికీ తెలిసిందే. బట్టల సోడా కలిపిన చిక్కటి నీళ్ళు రెండు గ్లాసుల్లో పోసి మధ్యలో ఉన్ని దారం వేలాడదీస్తే, నడుమ చుక్కలు కారి సోడా పుల్ల దిగడం కూడా కొంతమందికి తెలుసు. ఈవిడ అక్కడితో వదల్లేదు. ఇది గుహలో జరిగేదానికి నకలే గానీ అసలు కాదని పాపతో చెప్పింది. గ్లాసుల మధ్య నీరు ఆవిరై సోడా మిగులుతోంది. గుహలో అలా కాదు. మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని వచ్చిన వాననీరు సున్నపురాయిని కరిగించుకుని కిందికి దిగి, గుహ కప్పులో గాలి తగిలినప్పుడు ఆ వాయువును వదిలేస్తుంది. అది పోయాక సున్నం నీటిలో ఇమడలేక రాయిగా నిలిచిపోతుంది. ప్రయోగం ఎక్కడిదాకా నిజమో, ఎక్కడినుంచి బొమ్మో చెప్పే సైన్సు పుస్తకాలు తెలుగులో తక్కువ.

నీడ సంగతికి వస్తాను. పెరట్లో తిన్నటి కర్ర పాతి, మధ్యాహ్నం నీడ కొసన రాయి పెడుతూ పోయారు. అరకు దాదాపు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే 13 ప్రాంతంలో ఒకసారి, జులై ఆఖరులో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు. జులైలో మబ్బులు చూడనివ్వవు. మే నెలలో మాత్రం కర్ర నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోవడం పాప కళ్ళారా చూసింది. గడియారం చూస్తే పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలుంది! మన దేశపు టైమంతా 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ రేఖ అరకు, పాడేరుల పక్కనుంచే పోతుంది. అందుకే గడియారానికీ సూర్యుడికీ ఇక్కడ ఇంత దగ్గర పొత్తు. ఇదే పని ద్వారకలోనో దిబ్రూగఢ్‌లోనో చేసి ఉంటే ముప్పావు గంటా గంటా తేడా వచ్చేది. కొండమూల పల్లె అనుకుంటాం గానీ, దేశంలో మధ్యాహ్నం అంటే ఏమిటో కొలవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

డిసెంబరులో రెండు థర్మామీటర్లు పెట్టారు, ఒకటి పొలాల్లో, ఒకటి వెనక మెట్టమీద. పైకి వెళ్ళేకొద్దీ చలి అని పుస్తకాల్లో ఉంటుంది. తెల్లవారుజామున కింద పొలంలోనే ఎక్కువ చలి అని తేలింది. రాత్రి నేల వేడిని వదిలేస్తుంది, నేలను తాకి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారి అక్కడ పేరుకుంటుంది. లంబసింగిలో మంచు చూడటానికి కార్లేసుకుని పోయేవాళ్ళకు ఈ పేజీ చదివి వినిపించాలి.

ఈ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపేసిన అధ్యాయం దోమలది. గెడ్డ పక్కన నీళ్ళు మెల్లగా సాగే చోట ఒక గాజు గ్లాసు ముంచారు, ఇంటి వెనక పాత టైరులో నిలిచిన నీళ్ళలో ఒకటి ముంచారు. రెంటిలోనూ లార్వాలున్నాయి. గ్లాసుల్ని కిటికీలో పెట్టి పాప బొమ్మలు వేసింది. టైరు నీళ్ళవి తోకదగ్గర గొట్టాన్ని నీటి మట్టానికి ఆనించి, తల కిందికి వేలాడదీసుకుని ఉన్నాయి. గెడ్డవి నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని ఉన్నాయి. పాప కింద రాసింది: "వేలాడేవి, పడుకునేవి." ఆ గొట్టం లేక పడుకునేవే అనాఫిలిస్, మలేరియా మోసే జాతి. తల్లికి ఆ పేరు తెలుసు. అయినా వెంటనే చెప్పలేదు. వారమంతా పాప రెండు రకాల్ని వేరుచేసి లెక్కపెట్టుకున్నాక చెప్పింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన కథ అప్పుడు వస్తుంది. ఏ దోమను కోయాలో తెలియక ఆయన వేరే రకాల దోమల్ని కోస్తూ ఎంతకాలం విసిగిపోయాడో తెలిస్తే, వేలాడేవాటికీ పడుకునేవాటికీ తేడా ఎంత విలువైనదో తెలుస్తుంది. మన్యంలో పుట్టిన ప్రతి పిల్లా పిల్లాడూ జ్వరాన్ని ఎరిగే ఉంటారు. గ్లాసు నీళ్ళలో దాని మూలాన్ని చూపించిన పాఠ్యపుస్తకం నేనైతే చూడలేదు.

మన్యం జ్వరం అనగానే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారే గుర్తొస్తారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల మాట నేర్చుకోవాలని, ఆ మాట వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. సవర పిల్లలకు సవర మాటలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. వ్యావహారిక భాష పంతులుగారిని మనం తలచుకున్నంతగా ఈ సవర పంతులుగారిని తలచుకోము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి వంటి 8 భాషల్లో పిల్లలకు తొలి తరగతుల చదువు మొదలుపెట్టింది 2004లో. ఆ మధ్యకాలంలో ఎన్ని తరాల పిల్లలు అర్థంకాని భాషలో ఎక్కాలు అప్పజెప్పి ఉంటారో! గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు గారు 'కొన్ని కలలు, కొన్ని మెలకువలు'లో ఈ కొండ ప్రాంతాల చదువుల గురించి రాశారు. ఈ పుస్తకం చదివినవాళ్ళు అదీ చదవాలి.

ఇక్కడ పాప అదృష్టం వేరు. ఆమెకు సైన్సు చెప్పినవాళ్ళలో సగంమంది అక్షరం రాని మనుషులు. జీలుగు చెట్టు సంగతే చూడండి. తాటి, కొబ్బరిలా ఏటా పూసే చెట్టు కాదది. ఏళ్ళ తరబడి పెరిగి, పెరుగుదల పూర్తయ్యాక తలదగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతి గెల దానికింద, ఆ తర్వాతిది ఇంకా కింద. అలా దిగుతూ వచ్చి అడుగు గెల కాయగానే చెట్టు చచ్చిపోతుంది. ఇది పాపకు చెప్పింది కల్లు గీసే పక్కింటి తాత. గెలల్ని చూసి ఆ చెట్టుకు ఇంకా ఎంతకాలం ఆయుష్షుందో ఆయన చెప్పేస్తాడట. వృక్షశాస్త్రం చదివిన మా మిత్రుడొకాయనను అడిగాను. తాత చెప్పింది అక్షరాలా నిజం అన్నాడు.

ఊరివాళ్ళ ఎరుక ఎంత విలువైనదో తెలియడానికి మన రాష్ట్రంలోనే ఒక గొప్ప దాఖలా ఉంది. కలివికోడి. 1900 తర్వాత ఆ పక్షిని చూసిన శాస్త్రవేత్త లేడు, అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కడప జిల్లాలో వెతుకుతూ బొమ్మ చూపిస్తే, స్థానికులు అది మాకు తెలిసిన పిట్టే అన్నారు. 1986 జనవరిలో ఐతన్న అనే ఊరివాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. లోకానికి ఎనభై ఆరేళ్ళు లేని పక్షి ఆ ఊరికి ఎప్పుడూ ఉంది.

ఈ కొండల్లోనూ అంతే. ఏ పుట్టగొడుగు తినాలో ఏది తినకూడదో, అడ్డాకు ఎప్పుడు కోస్తే విస్తరి కుట్టడానికి వంగుతుందో, పొన్నంకి పిట్ట అరుపు ఎప్పుడు మొదలవుతుందో చెప్పేవాళ్ళు సంతలో పక్కనే కూర్చుని చోళ్ళు అమ్ముతుంటారు. వలిసె పూల అధ్యాయం వాళ్ళు నేర్పిందే. అరకు అనగానే నవంబరు, డిసెంబరు నెలల్లో పచ్చటి పొలాల్లో ఫోటోలు దిగడం ఒకటే పట్నంవాళ్ళకు తెలుసు. ఆ తొక్కిడికి రైతు ఎంత పంట పోగొట్టుకుంటాడో ఎవరూ లెక్కవేయరు. పాపకు ఊరి ఆడవాళ్ళు చెప్పిన మాట, తేనెటీగలు ముసిరిన ఏడు గింజ బాగా పడుతుందని. అది నిజమేనా అని చూడటానికి కొన్ని మొగ్గలకు దోమతెర గుడ్డ సంచులు కట్టింది, పక్కనే కొన్నిటిని విప్పి వదిలేసింది. మనం పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు, చిన్నచిన్న పువ్వుల గుత్తి, ఒక్కో చిన్న పువ్వుకూ ఒక్కో గింజ. సంచి కట్టినవాటిలో గింజలు దాదాపు తాలు. విప్పి ఉంచినవి నిండుగా ఉన్నాయి. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు, ఇంకో మొక్క పుప్పొడి కావాలి, మోసుకొచ్చేది తేనెటీగ. సంచి కట్టిన వాటిలోనూ ఒకటి రెండు గింజలు ఎలా పండాయన్నది తేలలేదని పాప రాసింది. సంచి మూతి సరిగ్గా బిగించలేదేమో అని నా అనుమానం.

ఇంత మెచ్చుకున్నాక, నాకు నచ్చనివీ చెప్పాలి. లెక్కలు ఈ పుస్తకంలో కొలతల దగ్గరే ఆగిపోయాయి. భిన్నాలు, దశాంశాలు వానబాటిలుతో వచ్చేస్తాయి, నిజమే. బీజగణితం గెడ్డ ఒడ్డున దొరకదు, కూర్చుని చేయాలి. ఆ కూర్చోవడం ఎలా జరిగిందో రాయలేదు. రెండోది, జాగ్రత్తల గురించి ఇంకో రెండు పేజీలు ఉండాల్సింది. పైన ఎక్కడో వాన పడితే గెడ్డ క్షణాల్లో పొంగుతుంది. పెద్దవాళ్ళు లేకుండా పిల్లల్ని నీళ్ళలోకి పంపకూడదు. గుహలో రాయి విరగ్గొట్టకూడదు. తెలియనిది ఏదీ నోట పెట్టకూడదు.

అసలు పెద్ద అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఈ అమ్మాయితో దానిమీద చాలా వాదించాను. బడి మానిపించి ఇంట్లో చదివించుకునే వెసులుబాటు అందరికీ ఉండదు. డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉండగలిగిన తల్లి, నెల గడిచే సంపాదన, ఫోను చేస్తే పలికే మాస్టారు, ఇవన్నీ ఉంటేనే అది సాగుతుంది. అదే కొండమీద, బడి అందుబాటులో లేక గెడ్డ దాటి నడిచి వెళ్ళే పిల్లలున్నారు. ఒక్క పంతులు ఐదు తరగతులు చెప్పే బడులున్నాయి. వాళ్ళకు బడి వద్దనుకునే చదువు గురించి చెప్పడం అన్యాయం. చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్పించకపోతే శిక్ష అని మాత్రం రాయలేదు. ఇంటి చదువుకు వేరే నియమాలూ పెట్టలేదు. పది పాసవ్వాలంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, రాష్ట్ర ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే పరీక్షకు కూర్చోవచ్చు. ఈ పాపనూ ఆ దారినే పంపుతామంటున్నారు.

నా అభ్యంతరానికి ఆవిడ నోటితో సమాధానం చెప్పలేదు. రెండో ఏటినుంచి సాయంత్రాలు ఊరి పిల్లల్ని కూడా పెరట్లోకి పిలిచింది. దోమ బొమ్మల్లో సగం వాళ్ళు వేసినవే. పాప వాళ్ళ దగ్గర ఆదివాసీ ఒడియా నేర్చుకుంది, వాళ్ళు ఈమె దగ్గర స్కేలు చూడటం నేర్చుకున్నారు. ఆ ఊరి బడి పంతులు ఒకరోజు వచ్చి చూసి, వానబాటిలు తమ బడిలోనూ పెట్టించారు. అందుకే ఈ పుస్తకాన్ని నేను బడికి ఎదురు నిలిచిన పుస్తకంగా చూడటం లేదు. బడిలోకి వెళ్ళాల్సిన పుస్తకంగానే చూస్తున్నాను. ఈ తరహా చదువు మనకు కొత్తది కూడా కాదు. హోషంగాబాదులో 1972లోనే పల్లెటూరి బడి పిల్లల చేత పొలాల్లో, చెరువుల దగ్గర ప్రయోగాలు చేయించారు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వాళ్ళు ఒకే గదిలో అన్ని తరగతులూ చదివే పల్లె బడులకోసం కార్డుల పద్ధతి తయారుచేసి చూపించారు. జన విజ్ఞాన వేదిక వాళ్ళ 'చెకుముకి' తెలుగు పిల్లలకు సైన్సును చేతికందించింది. 'రైలుబడి' చదివి మురిసిపోని తెలుగు పంతులు ఉండడు. మురిసిపోయి మళ్ళీ గైడు కొనిపించడమే మన జబ్బు.

భాష గురించి ఒక్క ముక్క. ఈవిడ తెలుగు బడిపుస్తకపు తెలుగు కాదు. గెడ్డను గెడ్డ అనే రాసింది, సెలయేరు అనలేదు. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట ఎక్కడా లేదు, ఆకు ఎండలో ఏం చేస్తుందో మాత్రం ఉంది. అచ్చుతప్పులు కొన్ని మిగిలాయి, మలి ముద్రణలో దిద్దాలి. పాప బొమ్మల్ని రంగుల్లో వేయించి ఉంటే బాగుండేది, ఖర్చుకు వెరిచారు.

ఆశ్రమ పాఠశాలల మాస్టార్లకు, టీచరమ్మలకు నాదొక మనవి. ఈ పుస్తకాన్ని లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేయకండి. వరసగా పాఠంలా కూడా చెప్పకండి. మీ పిల్లల్లో ఎవరి తాత జీలుగు గీస్తాడో, ఎవరి అమ్మ వలిసెలు చల్లుతుందో ముందు కనుక్కోండి. మీకు రాని జవాబుకు వాళ్ళింటికి వెళ్ళండి. ఇళ్ళలో ఉన్న తల్లిదండ్రులకు చెప్పేదీ అదే. విశాఖలో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా కర్ర పాతడానికి జానెడు చోటు, బాటిలు పెట్టడానికి ఒక పిట్టగోడ దొరక్కపోవు. తేలిన లెక్కలు ప్రచురణకర్త చిరునామాకు రాసి పంపితే పాప తన లెక్కల పక్కన వాటినీ రాసుకుంటానంటోంది.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆలోగా బాటిలు కోసి, సున్నా గీత దాకా నీళ్ళు పోసి, స్కేలు అంటించి సిద్ధంగా ఉంచుకోండి.